ఇంటి పన్నూ ఇరవై నాలుగు గుణాలూ

పేరు లేదు, ఊరు లేదు. పెళ్లాం పిల్లలున్నారో లేదో ఎవరికీ తెలీదు. అడ్వాన్సు ఇచ్చిన దాఖలా లేదు, వీధిలో సామాను దించిన జాడ లేదు. అయినా పట్నంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ అద్దెకు దిగడానికి అతను సిద్ధంగా ఉంటాడు. ఏ ఇంటికి ఎంత ఇస్తే సబబో అతనికే తెలుసు. బేరమాడడు, మొహమాటపడడు, ఖాళీ చేయడు. ఇంటి యజమానులు ఏటా కట్టే పన్నంతా అతను ఇస్తాడనుకున్న అద్దె మీదే లెక్క.

ఇతని చిరునామా 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 212వ సెక్షన్. ఇప్పుడు దాన్నే జీహెచ్ఎంసీ చట్టం అంటున్నారు. ఒక భవనాన్ని నెలకో ఏడాదికో అద్దెకిస్తే న్యాయంగా ఎంత వస్తుందనుకోవచ్చో అదే దాని వార్షిక అద్దె విలువ అంటుంది ఆ సెక్షన్. నిజంగా అద్దెకిచ్చారా లేదా అన్న దానితో పని లేదు. ఈ ఊహ మనవాళ్లు పుట్టించింది కాదు. ఇంగ్లండులో పేదల పోషణకు పారిష్‌లు వేసే పన్నును ఒక దారిలో పెట్టడానికి 1836లో ఒక చట్టం చేశారు. ఆ చట్టంలోని నిర్వచనమే చేతులు మారుతూ మన మున్సిపల్ చట్టాల దాకా వచ్చింది. అక్కడి జడ్జీలు దాదాపు రెండు శతాబ్దాలుగా ఈ ఊహా కిరాయిదారు మనసు కనిపెట్టే పనిలోనే ఉన్నారు.

మదింపుకు వచ్చిన ఉద్యోగి చేసే పని చూస్తే ఇందులో వేదాంతం ఏముందనిపిస్తుంది. టేపు పట్టుకుని పొడుగూ వెడల్పూ కొలుస్తాడు. పైకప్పు ఆర్‌సీసీ స్లాబా, మద్రాసు టెర్రసా, రేకులా, పెంకులా అని చూస్తాడు. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది, ఎన్ని అంతస్తులు, మెయిన్ రోడ్డు మీదుందా సందులోనా, యజమానే ఉంటున్నాడా, కింద షాపేమైనా పెట్టాడా అని అడుగుతాడు. "మేమెప్పుడూ అద్దెకివ్వలేదండీ, ఇచ్చేదీ లేదు" అని ఇంటావిడ గుమ్మంలో నిలబడి చెబుతూనే ఉంటుంది. ఆయన తలూపుతాడు, ఫారంలో మాత్రం అద్దె రాస్తాడు.

ఆ అద్దె అంకె ఆయన రాకముందు ఆ ఇంట్లో ఉందా? ఉన్నదాన్ని ఆయన చూసి రాసుకున్నాడా, లేనిదాన్ని రాసి ఉండేలా చేశాడా? ఇది మున్సిపల్ ఆఫీసులో తేలే సంగతి కాదు. విలువ అనేది ప్రపంచంలో ఉన్న వస్తువా, మన తలలో పుట్టిన భావమా అన్న పాత తగవు ఇది. ఇక్కడ మాత్రం దానికో డిమాండు నోటీసు అతికించి ఉంది, అంతే తేడా.

తర్కం చదవబోయే పిల్లలకు తెలుగువాడైన అన్నంభట్టు రాసిపెట్టిన తర్కసంగ్రహం నేటికీ మొదటి పుస్తకం. లోకంలో ఉన్నదంతా అందులో ఏడు పదార్థాల కింద సర్దేశారు. వాటిలో రెండోది గుణం. గుణాలు ఇరవై నాలుగు: రూపం, రసం, గంధం, స్పర్శ, సంఖ్య, పరిమాణం... ఇలా సాగి ధర్మం, అధర్మం, సంస్కారం దగ్గర ఆగుతుంది జాబితా. మదింపు ఉద్యోగి ఫారం ముందు పెట్టుకుని ఈ జాబితా చదివితే సరదాగా ఉంటుంది. ప్లింత్ ఏరియా పరిమాణంలో పడుతుంది. అంతస్తులు సంఖ్యలో. ఇక పరత్వం, అపరత్వం అని రెండున్నాయి. అవి దేశాన్ని బట్టి దూరం, దగ్గర; కాలాన్ని బట్టి పాత, కొత్త. అంటే మెయిన్ రోడ్డుకు ఎంత దూరం, కట్టి ఎన్నేళ్లయింది అన్న రెండు గళ్లూ ఈ శాస్త్రానికి మూలమైన వైశేషికులు ఏనాడో గీసిపెట్టారు. ఫారంలో చివరి గడి, అసలు గడి, విలువ మాత్రం ఆ ఇరవై నాలుగింటిలో లేదు.

ఇచ్ఛలో ఉండొచ్చుగా అని ఎవరైనా అనొచ్చు. ఇచ్ఛ కూడా గుణమే, కానీ అది ఆత్మకు చెందిన గుణం, గోడలది కాదు. పైగా ఇక్కడ కోరుకునేవాడు ఊహామనిషి. లేనివాడి కోరికకు లెక్కెలా కడతాం?

జవాబు అదే శాస్త్రంలో మరో మూల ఉంది. రెండు కుండలున్నాయి. ‘రెండు’ అన్నది ఎక్కడుంది? మొదటి కుండలో లేదు, అది ఒకటే. రెండోదానిలోనూ లేదు, అదీ ఒకటే. రెంటినీ కలిపి ‘ఇదొకటి, అదొకటి’ అని చూసే బుద్ధి పుట్టినప్పుడు ద్విత్వం పుడుతుందంటారు. దానికి అపేక్షాబుద్ధి అని పేరు. ఆ బుద్ధి పోతే ద్విత్వమూ పోతుంది. అలాగని అది భ్రమ కాదు. ఉన్నంతసేపూ అది ఆ కుండల గుణమే. పరత్వాపరత్వాల సంగతీ ఇంతే, దేనికి దూరమో చెప్పందే దూరం లేదు. ఇంటి విలువను ఈ వరసలో నిలబెడితే చిక్కు చాలామటుకు విడుతుంది. ఒంటరి ఇంటికి విలువ లేదు. పక్కిల్లు, వెనకిల్లు, వీధి చివర మార్కెట్టు, బడి, బస్టాపు కలిపి చూసే చూపులో అది పుడుతుంది. చాలా చోట్ల మదింపు ఉద్యోగి మొదట పట్టుకునే పద్ధతి ఇలాంటి ఇళ్లు ఎంతకు పోయాయి, ఎంతకు అద్దెకున్నాయి అన్నదే. అది చేతగానప్పుడే కట్టుబడి ఖర్చు లెక్క, ఆదాయం లెక్క.

పోల్చడానికి రెండోది లేకపోతే? ఆ గడ్డు ప్రశ్న 1893లో బ్రిటిష్ ప్రభువుల సభ ముందుకు వచ్చింది. లండన్ కౌంటీ కౌన్సిల్‌కు మురుగునీరు తోడిపోసే పంపింగు కేంద్రాలున్నాయి. మహానగరం మురుగునంతా నెత్తినేసుకునే కట్టడాన్ని ఎవడు అద్దెకు తీసుకుంటాడు? కౌన్సిల్ తప్ప ఇంకెవరికీ అది పనికిరాదు కాబట్టి కిరాయిదారే లేడు, అద్దె సున్నా, పన్నూ సున్నా అని కౌన్సిల్ వాదన. న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. యజమానిని కూడా కిరాయిదార్ల వరసలో నిలబెట్టాలన్నారు. తన ఇంటికి తానే అద్దె కట్టుకుంటానని వచ్చినవాడిగా కౌన్సిల్‌ను ఊహించుకోమన్నారు. న్యాయం చేయడానికి ఒక మనిషిని ఇద్దరుగా చీల్చాల్సి వచ్చింది.

దేవుడి ఇల్లు ఇంకా పెద్ద చిక్కు. మన రెండు రాష్ట్రాల మున్సిపల్ చట్టాలూ పూజాస్థలాలకు ఆస్తి పన్ను మినహాయించాయి. ఎందుకు? ఆలయానికి విలువ లేదనా, వెల కట్టలేమనా, కట్టకూడదనా? చట్టం కారణం చెప్పదు. కారణం వెతికితే, గర్భాలయాన్ని అద్దెకు అడిగే ఊహా కిరాయిదారును ఊహించడమే అపచారంలా తోస్తుంది. కొన్నిటికి వెల ఉంటుంది, కొన్నిటికి వెలకు అందని గౌరవం ఉంటుందని 1785లో తత్వవేత్త కాంట్ గీసిన గీత ఇక్కడ కచ్చితంగా సరిపోతుంది. ఒకదాని స్థానంలో అలాంటిదే ఇంకొకటి పెట్టగలిగితేనే దానికి వెల అన్నాడాయన. అయితే గుడి ప్రాకారానికి ఆనుకుని కొబ్బరికాయల దుకాణాలు, వెనక అద్దెకిచ్చిన షాపుల వరస ఉంటాయి. అవి పూజాస్థలం కావు, టేపు అక్కడ మళ్లీ బయటికొస్తుంది. మన న్యాయశాస్త్రంలో దేవుడు ఆస్తి పట్టాదారు కావచ్చు. ప్రీవీ కౌన్సిల్ 1925లో ఆ మాట అంది. ఆదాయ పన్ను విషయంలో దేవుడినీ మదింపు చేయొచ్చని సుప్రీంకోర్టు 1969లో తేల్చింది. అమెరికాలోనూ ఇదే రగడ. న్యూయార్క్ నగరం చర్చిలకు పన్ను మినహాయించడమంటే ఆ భారం తన నెత్తిన పడటమేనని, అది తనతో బలవంతంగా చందా ఇప్పించడమేనని వాల్జ్ అనే స్థలయజమాని కోర్టుకెక్కాడు. 1970లో అక్కడి సుప్రీంకోర్టు మినహాయింపు చెల్లుతుందంది. చెల్లితే చెల్లింది గానీ వాల్జ్ లెక్క తప్పు కాదు. ఒక వీధిలో ఒక కట్టడాన్ని వెల దాటిన వరసలో పెడితే, మిగతావాళ్ల వాటా ఆ మేరకు పెరిగి తీరుతుంది. భక్తుడు కాని పొరుగువాడు కూడా ఆ దీపంలో నూనె పోస్తున్నట్టే.

గుంటూరు పన్ను చెల్లింపుదార్ల సంఘానికీ గుంటూరు మున్సిపల్ కౌన్సిల్‌కూ మధ్య నడిచిన దావా ఇంకో కోణం చూపిస్తుంది. అది 1970లో సుప్రీంకోర్టులో తేలింది. ఒకపక్క మున్సిపల్ చట్టం న్యాయంగా వచ్చే అద్దె ఎంతో చూడమంటోంది. ఇంకోపక్క 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సబబైన అద్దెకు మించి ఎవరూ వసూలు చేయరాదంటోంది. అయితే మన ఊహా కిరాయిదారు ఏ చట్టానికి లోబడాలి? అద్దె కంట్రోలరు ఆ ఇంటికి అద్దె ఖాయం చేసి ఉంటేనే ఆ పరిమితి అని మున్సిపాలిటీ. ఖాయం చేయకపోయినా, ఆ చట్టం సూత్రాల ప్రకారమే మీరు లెక్క కట్టాలని కోర్టు. లేని మనిషికి కూడా చట్టభయం ఉండి తీరాలన్నమాట! నవ్వొచ్చినా, దీని వెనక మాట గట్టిది. న్యాయంగా అన్నప్పుడు బజార్లో దొరికే ఎత్తైన అంకె అని కాదు, నలుగురూ ఒప్పుకున్న కట్టుబాటులో నిలిచే అంకె అని.

ఇంత ఊహ ఎందుకు, కొలతతో సరిపెట్టుకోవచ్చుగా? చదరపు అడుగుకు ఇంత, ఎకరానికి ఇంత అంటే పోయె. ఇరవై నాలుగు గుణాల్లో ఉన్న పరిమాణమే గతి అనుకుంటే వాదులాటే ఉండదు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీలు లెక్కపెట్టి పన్ను వేశారు. ఉద్యోగి ఇంట్లోకి రానక్కర్లేదు, వీధిలో నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు. జనం కిటికీలు ఇటుకలతో పూడ్చేసుకున్నారు. మన దగ్గర కేరళ కేసులు రెండు ఇంకా బాగా మాట్లాడతాయి. ఎకరానికి ఏటా రెండు రూపాయలని అన్ని భూములకూ ఒకే పన్ను వేశారు. మూపిల్ నాయర్ అనే అడవి యజమానికి ఏడాదికి సుమారు 3,100 రూపాయల రాబడి ఉంటే పన్ను సుమారు 54,000 వచ్చింది. 1960లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎక్కడున్నా ఎందుకు వాడినా నేల విస్తీర్ణాన్ని బట్టి మాత్రమే భవనాలకు పన్ను వేసిన 1961 నాటి కేరళ చట్టానికీ అదే గతి పట్టింది. అసమానులను సమానంగా చూడటమూ వివక్షేనన్నది ఆ తీర్పుల సారం. టేపు అబద్ధం చెప్పదు, నిజమే. కానీ టేపుకు పక్కిల్లు కనబడదు.

సరే, విలువ కొలతలో లేదు, పోలికలో ఉంది. ఆ పోలిక ఎంత నిజం? హైదరాబాద్ ఇంటినే తీసుకుని లెక్క వేద్దాం. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఆ ప్రాంతానికి చదరపు అడుగుకు నెలకు రూపాయి రేటు ఉందనుకుందాం. నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. తరుగుదల పది శాతం తీసేస్తే 10,800. పై శ్లాబు 30 శాతం ప్రకారం 3,240, దానిమీద ఎనిమిది శాతం గ్రంథాలయ సెస్సు. అలాంటి ఇల్లు వెయ్యి రూపాయలకు అద్దెకు కావాలని ఎవరైనా వెళ్లి అడిగితే హైదరాబాద్‌లో నవ్వి టీ ఇచ్చి పంపుతారు. నివాస గృహాల రేట్లను రెండు దశాబ్దాలుగా కదపకపోవడంతో మన ఊహా కిరాయిదారు ఇంకా పాత రోజుల్లోనే బతుకుతున్నాడు. విచిత్రం ఏమిటంటే, ఈ అంకె నిజం కాదని ఎవరూ ఫిర్యాదు చేయరు. తక్కువగా ఉంది కాబట్టి అని తేలిగ్గా అనేయొచ్చు. అది సగమే కారణం. మిగతా సగం, అందరికీ అదే కాలం నాటి అబద్ధం కాబట్టి. అదే ప్లాను, అదే ఫ్లోరు ఉన్న ఎదురు ఫ్లాటుకు రెండు వేలు తక్కువ వచ్చిందని తెలిసిన రోజున మాత్రం మనిషి కాగితాలు పట్టుకుని సర్కిల్ ఆఫీసుకు బయల్దేరతాడు.

సత్యం, సమత ఒకదానితో ఒకటి పడనప్పుడు ఏది గెలవాలి? ధర్మశాస్త్రాల్లో రావలసిన ఈ ప్రశ్నకు నెబ్రాస్కాలో ఒక వంతెన మీద జవాబొచ్చింది. మిస్సోరీ నది మీద ఉన్న ఆ వంతెన కంపెనీకి పూర్తి విలువ మీద పన్ను వేశారు. అదే కౌంటీలో మిగతా ఆస్తులను మాత్రం అసలు విలువలో 55 శాతానికే మదింపు చేశారు. వంతెనకు కట్టిన అంకె సరైనదే, తప్పు మిగతావాళ్లది. కావాలంటే వాళ్లవి పెంచమని అడుక్కోండి అంది కింది కోర్టు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు కుదరదంది. అసలు విలువ, అందరికీ ఒకే కొలబద్ద రెండూ ఒకేసారి సాధ్యం కానప్పుడు రెండోదానికే పీట వేయాలని, చట్టం పరమార్థం అదేనని తేల్చింది. ఒక అంకె వాస్తవానికి సరిపోవడం కన్నా పక్క అంకెతో సరిపోవడం మేలని ఒక న్యాయస్థానం అనడం సామాన్యమైన సంగతి కాదు. శాస్త్రవేత్త ఈ మాట అంటే ఉద్యోగం ఊడుతుంది. మదింపు ఉద్యోగి అంటే అదే అతని ధర్మం, ఎందుకంటే అతను రాసే అంకె పుట్టిందే పోలికలో.

ఈ సంగతిని గుట్టుగా ఉంచకుండా వీధిలోనే తేల్చాలని పట్టుబట్టినవాడు సోమర్స్. అమెరికాలో సెయింట్ పాల్ నగరానికి చెందిన ఈయన పద్ధతిని 1910లో క్లీవ్‌లాండ్ నగరం వాడుకుంది. ఏ వీధిలో వీధివైపు ఒక అడుగు ముఖభాగానికి ఎంత విలువో ముందు అక్కడివాళ్ల అభిప్రాయాలు కూడగట్టేవారు, బహిరంగంగా చర్చకు పెట్టేవారు. వీధి అంకె కుదిరాక లోతును బట్టి, మూల స్థలమైతే దాన్ని బట్టి ఒక్కో స్థలానికీ పట్టికలతో లెక్క కట్టేవారు. తన ఇంటి విలువ గురించి ఎవడూ నిజం చెప్పడు, ఎదుటి వీధి విలువ గురించి అందరూ చెబుతారన్న లోకజ్ఞానం ఇందులో ఉంది.

ఇక్కడ మొండి యజమాని ఒకడు లేచి అడగాలి. విలువ ఇంట్లో లేదన్నారు, చూసేవాళ్ల పోలికలో పుడుతుందన్నారు, కిరాయిదారు ఊహ అన్నారు. ఇన్ని లేనివాటి మీద కట్టిన లెక్కకు నేనెందుకు ఉన్న డబ్బు ఇవ్వాలి? ప్రశ్న వెటకారంగా ఉన్నా పదునుగా ఉంది. ఇలాంటి ఎదురుదాడి కృష్ణా తీరాన కొండకు తన పేరిచ్చిపోయిన, అన్నీ శూన్యమన్న బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు ఎదుర్కొన్నాడు. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్నీ ఎలా కాదనగలదని ప్రతివాదులు పట్టుకున్నారు. బండి, కుండ, బట్ట అన్నీ వేరేవాటిని ఆసరా చేసుకుని ఉన్నవే, స్వతహాగా వాటికంటూ ఏమీ లేదు. అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీళ్లు పడుతుంది, బట్ట చలి ఆపుతుంది అన్నది ఆయన జవాబు సారం. సొంత ఉనికి లేకపోవడం పనికిరాకపోవడం కాదు. అద్దె విలువా అంతే. అది స్వతంత్రంగా ఎక్కడా లేదు గానీ, వీధి దీపాన్ని వెలిగిస్తుంది, చెత్త బండిని తిప్పుతుంది. ఆ దీపమూ ఆ బండీ మళ్లీ అద్దె విలువను పెంచుతాయి.

విలువ పరస్పరం ఆనుకుని నిలుస్తుందన్న మాటను ఆచరణలో రుజువు చేసినవాళ్లు చీరాల, పేరాల జనం. వాళ్లు ఏ తర్కమూ చదివి చేయలేదు. రెండు ఊళ్లనూ కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అక్కడున్నవాళ్లలో చాలామంది నేతగాళ్లు, చేతిపనివాళ్లు. పన్ను భారం అనేక రెట్లు పెరిగింది, మున్సిపాలిటీ మాకొద్దని మొత్తుకున్నారు, వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊరికి ఊరే లేచి మున్సిపల్ హద్దు దాటి బయట తాటాకు పాకలు వేసుకుంది. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలు, వానలు, చలి అన్నీ భరిస్తూ నెలల తరబడి అక్కడే ఉన్నారు. దీన్ని పన్ను నిరాకరణ ఉద్యమంగా చరిత్ర పుస్తకాలు చెప్పడం సరైనదే. మదింపు ఉద్యోగి కళ్లతో చూస్తే ఇంకోటి కూడా కనబడుతుంది. వాళ్లు వదిలేసిన ఇళ్లు అక్కడే ఉన్నాయి. గోడలు అవే, పెంకులు అవే, పరిమాణం అంగుళం తగ్గలేదు. కానీ మనుషులు లేని ఊళ్లో ఆ ఇళ్లకు అద్దె ఎంత? ఊహా కిరాయిదారుకు కూడా పక్కన ఊరుండాలి. నూలు కొనేవాడు, బట్ట అమ్మేవాడు, నీళ్లు తోడేవాడు వెళ్లిపోతే అతనూ మూటా ముల్లె సర్దుకుంటాడు. ఇంటి విలువను పుట్టించింది తామేనని, తాము లేచిపోతే అది లేచిపోతుందని ఆ జనం మున్సిపాలిటీకి కాళ్లతో చెప్పారు.

భూమి విలువను పుట్టించేది యజమాని చెమట కాదు, చుట్టూ చేరిన జనం అన్న మాట మీదే 1879లో ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ రాశాడు. కాబట్టి దాన్ని జనానికే పన్నుగా తిరిగివ్వాలన్నాడు. తర్కం నున్నగా ఉంది. ఇబ్బందల్లా అందులో ఒక ముసలావిడ ఇరుక్కుంటుంది. నలభై ఏళ్ల కింద ఊరవతల కొనుక్కున్న ఇల్లు, పింఛను మీద బతుకు. ఈలోగా ఊరే ఆవిడ దగ్గరికి వచ్చింది. మెట్రో వచ్చింది, మాల్ వచ్చింది. ఆవిడ వంటింట్లో ఒక్క గిన్నె కూడా కొత్తది చేరలేదు, ఇంటి విలువ మాత్రం కోట్లలోకి పోయింది. పొరుగువాళ్లు పుట్టించిన విలువకు పొరుగువాళ్లు కాదు, ఆవిడ పన్ను కట్టాలి. పోలిక మీద నిలబెట్టిన న్యాయానికి ఇది అసలు పరీక్ష.

కాలిఫోర్నియా 1978లో దీనికి ఒక మొరటు మందు వేసింది. ప్రొపొజిషన్ 13 పేరుతో జనమే ఓటేసి, పాత ఇళ్ల విలువను 1975 దగ్గర బిగించి, ఏడాదికి రెండు శాతం మించి పెంచకూడదన్నారు. ఇల్లు చేతులు మారినప్పుడే కొత్త విలువ. ముసలావిడ బతికిపోయింది. స్టెఫనీ నార్డ్‌లింగర్ అనే ఆమె మాత్రం 1988లో లాస్ ఏంజెలెస్‌లో 1,70,000 డాలర్లకు ఇల్లు కొని, అలాంటి ఇళ్లలోనే ఎప్పటినుంచో ఉన్న పొరుగువాళ్ల కన్నా దాదాపు ఐదు రెట్ల పన్ను కట్టాల్సి వచ్చింది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందంది. అంతకు మూడేళ్ల ముందే వెస్ట్ వర్జీనియాలో ఇలాంటి తేడాను అదే కోర్టు కొట్టేసింది. రెండు తీర్పులనూ కలిపి సమర్థించడం ఏ మీమాంసకుడికైనా కష్టమే. ఇంగ్లండు ఇంకో రకం: అక్కడ ఇళ్ల కౌన్సిల్ పన్ను ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువల మీదే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువకు మారింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అంకె ఇప్పుడు ఊహా కిరాయిదారు కుర్చీలో కూర్చుంది. ఒక్కసారిగా నెత్తిన పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు. ఇద్దరు పొరుగువాళ్లు ఒకే అంకెకు చేరేదాకా ఎన్నేళ్లు పడుతుందో వాళ్ల పాత బిల్లులను బట్టి ఉంటుంది.

పరిమితులన్నిట్లోనూ ఉన్న లోపం ఒకటే. దయ చూపించాల్సిన చోట అంకెను చంపేస్తాయి. ముసలావిడ కష్టం చేతిలో డబ్బు లేకపోవడం, ఇంటి విలువ పెరగడం కాదు. అలాంటప్పుడు విలువను ఉన్నట్టే రాసి, వసూలును ఆపడం మేలు. టెక్సస్‌లో అరవై అయిదు నిండినవాళ్లు సొంతింటి పన్నును వాయిదా వేసుకోవచ్చు. వడ్డీ పడుతుంది, ఇల్లు అమ్మినప్పుడో తదనంతరమో కడతారు. అందులో పొరుగువాడికి అన్యాయం లేదు, ఆవిడకు వీధిపాలయ్యే భయమూ లేదు. వారసులకు మాత్రం రుచించదు. ఇది అంత పెద్ద అభ్యంతరంగా లెక్కించనక్కర్లేదు.

టెక్సస్ మాట వచ్చింది కాబట్టి, డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఏప్రిల్, మే నెలలు ఈ తర్కశాస్త్రపు పరీక్షల కాలం. ఆ రాష్ట్రంలో ఆదాయ పన్ను లేదు, ఆస్తి పన్ను భారం ఎక్కువ. జనవరి 1 నాటి విలువ ఇంత అని, ఆస్తులకు విలువ కట్టే అప్రైజల్ జిల్లా నుంచి నోటీసు వస్తుంది. మామూలుగా మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవాలి. చాలామంది మొదటిసారి తమ ఇంటికి అంత రాదని వాదించబోతారు: పైకప్పు వడగళ్లకు దెబ్బతింది, వంటగది పాతది, ఫౌండేషన్ బీటలిచ్చింది, ఇవిగో ఫొటోలు అని. అనుభవం ఉన్నవాళ్లు ఇంకో దారి పడతారు. అసమాన మదింపు అన్న ప్రత్యేక కారణం ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. మీరు వేసిన విలువ మార్కెట్‌కు సరిపోవచ్చు, ఒప్పుకుంటాం. కానీ మా వీధిలో ఇలాంటి ఇళ్లకు మీరే వేసిన విలువల మధ్యస్థం ఇంత, మాది దానికి పైనుంది, తగ్గించండి అంటారు. దానికి కావాల్సిన పొరుగిళ్ల అంకెలన్నీ అప్రైజల్ జిల్లా సైట్లోనే ఉంటాయి. ఎక్సెల్ షీటులో పేర్చుకుని ముగ్గురు సభ్యుల ప్యానెల్ ముందు కూర్చుంటారు.

హైదరాబాద్‌లోనూ ఇంటి నంబరు కొడితే పన్ను ఎంతో ఆన్‌లైన్లో కనబడుతుంది. రివిజన్ పిటిషన్ వేసే హక్కూ ఉంది. ఇంటికొచ్చే నోటీసులో మాత్రం ఆ ఇంటి కొలతలూ ఆ ఇంటి రేటూ తప్ప, అదే వీధిలో అలాంటి ఇంకో నాలుగిళ్లకు ఎంత వేశారన్నది ఉండదు. కావాలంటే యజమానే ఒక్కో తలుపు నంబరూ కొట్టి వెతుక్కోవాలి, లేదా సాయంత్రం పక్కింటాయన్ని గేటు దగ్గర ఆపి అడగాలి. ఆయన చెబితే చెబుతాడు.